ఊపిరిలోని అంకె గురించి రాస్తున్న నీకు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు ఎంతుందో కొలిచే ఫీనో పరీక్ష మీద తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ, అందుకే చాలా సంతోషమేసింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ తక్కువగా ఉంటే ఆస్తమా అదుపులో ఉన్నట్టే" అన్నావు. అది తీసెయ్యమ్మా.

శ్వాసనాళాల లోపలి పొరలో అలర్జీ తరహా వాపు ఉంటే అక్కడి కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ని ఎక్కువగా తయారుచేస్తాయి. ఈ పరీక్ష కొలిచేది దాన్నే. కానీ అందరి ఆస్తమా ఆ తరహాది కాదు. కొందరికి అంకె తక్కువే వస్తుంది, రాత్రిళ్లు మాత్రం పిల్లికూతలతో లేచి కూర్చుంటారు. పొగతాగే వాళ్లకీ అంకె తగ్గుతుంది. అలాంటి మనిషి నీ మాట నమ్మి ఇన్‌హేలర్ మానేస్తే? మొదట్లో నేనూ ఇలాగే రాశాను. "నా అంకె తక్కువే, మరి మెట్లెక్కలేకపోతున్నానేం?" అని ఒకాయన ఉత్తరం రాశారు. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఊదే పద్ధతి గురించి ఇంకాస్త రాయి. ఊపిరి ఎంత వేగంగా బయటికొస్తుందో చూసే పీక్ ఫ్లో మీటర్‌లో బలమంతా పెట్టి ఒక్కసారిగా ఊదాలి. ఇక్కడ అలా కాదు, నిండా గాలి పీల్చి సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున నిదానంగా, ఒకే వేగంతో వదలాలి. పెద్దవాళ్లు సుమారు 10 సెకన్లు, చిన్నపిల్లలు 6. గట్టిగా ఊదితే నాళాల గోడల నుంచి వాయువు గాలిలో కలిసే వ్యవధి ఉండదు, అంకె పడిపోతుంది. ఈ రెండు పరీక్షల్నీ కలిపేసుకునే పాఠకులు చాలామంది. ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ కూడా ఉంటే ఫీనోనే ముందు చేయాలి. పరీక్షకు ముందు బీట్‌రూట్, పాలకూర లాంటివి తింటే అంకె పెరగొచ్చని కూడా చెప్పు.

చరిత్ర ఒక్క ముక్కలో చాలు. మనిషి ఊపిరిలో ఈ వాయువు ఉందని 1991లో తెలిసింది, ఆస్తమా ఉన్నవాళ్లలో ఎక్కువని 1993లో.

హద్దులు సరిగ్గానే ఇచ్చావు. పెద్దవాళ్లకి 25 పీపీబీ లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. పిల్లలకి 20, 35. పీపీబీ అంటే వంద కోట్ల వంతుల గాలిలో ఈ వాయువు ఎన్ని వంతులుందో చెప్పే లెక్క అని రాయడం మరిచావు. ఇంకో మాట. పక్కవాళ్ల అంకెతో కాదు, ఎవరి అంకెని వాళ్ల పాత అంకెతోనే పోల్చుకోవాలి. 50 పైన ఉన్నది కనీసం 20 శాతం తగ్గినా, 50 లోపు ఉన్నది 10 పీపీబీ కంటే ఎక్కువ తగ్గినా, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పనిచేస్తోందనడానికి గుర్తు.

"మందు వాడని వాళ్లు దొరికిపోతారు" అన్న చోట నాకు బాధేసింది. మందు రాసిచ్చినా అంకె దిగకపోవడానికి అది మానేయడం ఒక కారణం కావచ్చు. పీల్చే తీరు తప్పయినా, అలర్జీ కలిగించేది ఇంట్లోనే ఉన్నా అంతే. ముక్కు అలర్జీ ఉన్నా అంకె పెరుగుతుంది. ఊపిరాడక భయంలో బతికే మనిషిని దొంగని పట్టుకున్నట్టు పట్టుకోకు. డాక్టరూ రోగీ కలిసి వెతుక్కోవడానికి అది దారి, అలా రాయి.

లాభం ఎంతో కూడా దాచకు. చికిత్సలో ఈ అంకెని లెక్కలోకి తీసుకుంటే ఆస్తమా ఎటాక్‌లు తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. రోజువారీ ఆయాసంలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

తీసేసిన వాక్యం చోట డాక్టర్లు అడిగే ప్రశ్నలు పెట్టు. గత నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా? రాత్రి నిద్ర లేచారా? ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లకు మించి అవసరమైందా? ఆయాసం వల్ల ఏ పనైనా మానుకున్నారా? అంకెల పట్టికని వాటి తర్వాతకు జరుపు. మార్చాక పంపు, ఆయాసపడే మనిషి కళ్లతో మళ్లీ చదువుతాను.