యూఎస్‌బీ స్ట్రీమర్ కలిపాక స్పీకర్లలో కీచుమనే శబ్దం ఎందుకు?
పాటలు పంపే పరికరంగా (స్ట్రీమర్‌గా) వాడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని యూఎస్‌బీతో యాంప్లిఫయర్‌కి కలిపితే పాట ఆపినా సన్నగా కీచుమంటోందని, ఖరీదైన కేబుల్ కొన్నా తగ్గలేదని, కారణమేంటని ఒకరు అడిగారు.

మామూలుగా కేబుల్ మారిస్తే ఇది తగ్గదు. ఏ యూఎస్‌బీ కేబుల్‌లోనైనా డేటాతో పాటు గ్రౌండ్ తీగ ఉంటుంది. స్ట్రీమర్ పవర్ అడాప్టర్ నుంచి లీకయ్యే కరెంటు, ప్రాసెసర్ రొద ఆ దారినే యాంప్లిఫయర్ అనలాగ్ భాగంలోకి, అంటే స్పీకర్లకు వెళ్లే సిగ్నల్ ఉండే చోటికి చేరతాయి. హైస్పీడ్ యూఎస్‌బీలో సెకనుకు 8000 మైక్రోఫ్రేములు (డేటా పంపే చిన్న కాలవ్యవధులు) నడుస్తాయి. అంటే 8 కిలోహెర్ట్జ్, చెవికి స్పష్టంగా తగిలే కీచు.

వాల్యూమ్ బాగా తగ్గించి యూఎస్‌బీ పీకండి, తర్వాత మెల్లగా పెంచి వినండి. శబ్దం పోయిందా? దోషం ఆ దారిదే. మళ్లీ పెట్టి, ల్యాన్ కేబుల్ తీసేసి వైఫై మీద నడపండి. షీల్డ్ ఉన్న ల్యాన్ కేబుల్ రూటర్ వైపు నుంచి ఇంకో గ్రౌండ్ దారి తెస్తుంది. అయినా పోకపోతే స్ట్రీమర్‌ని పవర్‌బ్యాంకు మీద నడిపి చూడండి. అప్పుడు తగ్గితే అడాప్టర్ మార్చాలి.

దేనికీ లొంగకపోతే, యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే నా ఓటు దానికే. స్ట్రీమర్‌కి ఆప్టికల్ అవుట్‌పుట్ బోర్డు తగిలించాలి గానీ, వెలుతురు మీద గ్రౌండ్ రొద ప్రయాణించలేదు. లేదంటే యూఎస్‌బీ ఐసొలేటర్, అంటే డేటాని పంపుతూ గ్రౌండ్ దారిని తెంచే చిన్న పరికరం. చవక రకాలు చాలావరకు సెకనుకు 12 మెగాబిట్ల వేగం దగ్గరే ఆగిపోతాయి, 192 కిలోహెర్ట్జ్ హై-రిజల్యూషన్ పాటల ఫైళ్లు వాటిలో ఆడవు. హైస్పీడ్ అని రాసి ఉన్నదే కొనండి.

యాంప్లిఫయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. రొద పోవచ్చు, కానీ లోపల వైరు బాడీకి తగిలిన రోజున ప్రాణం పోతుంది.