‘వినాశనం’ అని రాసే ముందు

చిరంజీవికి,

నీ అనువాదం చదివాను. ఇంగ్లీషులో డూమ్ (doom) అన్న మాట ఎక్కడ తగిలితే అక్కడ ‘వినాశనం’ అని పెట్టేశావు. నిఘంటువు చెప్పింది అదే, కాదనను. కానీ ఆ మాట కడుపులో ఉన్నది వినాశనం కాదు, తీర్పు. ముందు అది పట్టుకో.

పాత ఇంగ్లీషులో దోమ్ అంటే తీర్పు, చట్టం. ఆల్ఫ్రెడ్ రాజు చట్టాల సంపుటికి ‘తీర్పుల పుస్తకం’ అనే అర్థంలో దోమ్ బోక్ అని పేరు. ఇంకా లోతుకు పోతే ‘పెట్టు, ఉంచు’ అనే ధాతువు తగులుతుంది. డూ అన్న చిన్న క్రియ పుట్టిందీ అక్కడే. ‘ఫలానా అని ఎంచు’ అనే అర్థమున్న డీమ్ దీనికి తోబుట్టువు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో న్యాయమూర్తిని నేటికీ డీమ్‌స్టర్ అంటారు. ఫ్రీడమ్, విజ్‌డమ్ చివరన వేలాడే ‘డమ్’ కూడా ఈ ఇంటిదే, అక్కడ భయం జాడే లేదు. 1086లో ఇంగ్లండ్ రాజు విలియం చేయించిన భూముల సర్వేకి డూమ్స్‌డే అన్న పేరు అంటుకున్నది ప్రళయం వర్ణించినందుకు కాదు. అందులో ఎక్కిన లెక్కకి అంతిమ తీర్పు రోజున లాగే తిరుగు లేదని. ఆ తీర్పు రోజు భయమే మాటని పట్టుకుని, మెల్లగా దాని రంగు మార్చేసింది.

ఫేట్ వేరు. అది లాటిన్‌లో ‘పలికినది’. డూమ్ ‘పెట్టినది’. మనకేమో ‘రాసినది’: తలరాత, నుదుటి రాత. అందుకే ఫేట్ దగ్గర రాత చక్కగా అతుకుతుంది, ఎందుకంటే రాత మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. డూమ్‌కి ఆ వెసులుబాటు లేదు. శిక్ష ఖాయమైపోయింది, అమలే మిగిలింది.

అనువాదకులు ఎక్కువగా బోర్లా పడేది డూమ్డ్ దగ్గర. రూపం చూస్తే జరిగిపోయినట్టుంటుంది, నాశనమేమో ఇంకా ముందుంది. టైటానిక్‌నే తీసుకో. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండ తగిలింది. ముందువైపు 4 గదులు నిండినా తేలేలా కట్టిన ఓడ అది. నీళ్లు అంతకంటే ఎక్కువ గదుల్లోకి వచ్చాయి. మునిగింది 2:20కి. మధ్యలోని ఆ 2 గంటల 40 నిమిషాలే డూమ్డ్ అన్న మాటకి అసలు చోటు: దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఓడ మాత్రం దక్కదు. అక్కడ ‘ఓడ నాశనమైంది’ అంటే కథ రెండు గంటల ముందే ముగించినట్టు. ‘నాశనం చేయబడింది’ అంటే ఎవరో పనిగట్టుకుని చేసినట్టు. ‘ఆ ఓడ ఇక దక్కదు’ అను చాలు. మనిషి విషయమైతే తెలుగులో సరుకు బోలెడు: వాడికి మూడింది, నూకలు చెల్లాయి, పోయేకాలం వచ్చింది. ‘మూడింది’ నాకు అన్నిటికన్నా ఇష్టం. మనిషి ఇంకా ఎదురుగా తిరుగుతూనే ఉంటాడు, తీర్పు మాత్రం పడిపోయింది. అయితే గంభీరమైన వాక్యంలో అది పెడితే పాఠకుడు నవ్వుతాడు, చూసి వాడు. ‘పాపం పండింది’ మాత్రం తప్పు చేసినవాడికే. డూమ్ నిర్దోషి మీదా పడుతుంది.

డూమ్డ్ టు ఫెయిల్ అంటే ‘ఓడిపోయే శాపం పొందింది’ కాదు నాయనా, ‘మొదటి నుంచీ నిలిచేది కాదు’. ఏదైనా మరొకదానికి డూమ్ ‘స్పెల్’ చేస్తుంటే అక్షరాలూ మంత్రాలూ వెతకొద్దు, ‘దాని పని అయిపోయినట్టే’. డూమ్ అండ్ గ్లూమ్‌లో సగం వెటకారం ఉంది. అక్కడ ‘ఎప్పుడూ అపశకునం మాటలే’ అంటే సరిపోతుంది. రాత్రంతా ఫోన్‌లో చెడు వార్తలు జరుపుకుంటూ పోయే డూమ్‌స్క్రోలింగ్‌ని అలాగే ఉంచెయ్, ఇప్పుడు దాన్ని తెలుగు చేస్తే ఎవరికీ తెలియదు. 1947లో అణు శాస్త్రవేత్తల పత్రిక అర్ధరాత్రికి 7 నిమిషాల ముందు పెట్టి మొదలుపెట్టిన డూమ్స్‌డే గడియారానికి ‘ప్రళయ గడియారం’ బాగానే ఉంటుంది. అక్కడ తీర్పు చెప్పే దేవుడు లేడు, మనుషులే.

ఇక నీ నాలుగో అధ్యాయంలో ఆసుపత్రి దృశ్యం. డాక్టరు అడిగిన ‘ఇంపెండింగ్ డూమ్’ కవిత్వం కాదు, వైద్యుల పరిభాష. గుండెపోటులోనూ, తీవ్రమైన అలర్జీలోనూ కనిపించే లక్షణం. నువ్వు ‘ఆసన్న వినాశన భావన కలుగుతోందా?’ అని రాశావు. మంచం మీద చెమటలు పట్టి ఉన్న మనిషికి ఆ ప్రశ్న అర్థం కాదు. ‘ప్రాణం పోతుందేమో అనిపిస్తోందా?’ అని మార్చు. తర్వాత ఐదో అధ్యాయం పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు