ఓబ్రయన్ అని ఉన్నవాళ్లంతా బ్రయన్ బోరూ వంశమేనా?

మీ కోడలి ఇంటిపేరు ఓబ్రయన్ అనీ, వాళ్లది పాతకాలపు ఐర్లండ్ రాజు బ్రయన్ బోరూ వంశమేనా అనీ అడిగారు. అయ్యుండొచ్చు. కానీ ఇంటిపేరు ఒక్కటే చూసి ఆ మాట అనకూడదు.

నేను ఐర్లండ్‌లోని లిమెరిక్‌లో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన కూడా ఓబ్రయనే. ఓసారి నన్ను కిలలూ ఊరు దాటించి, షానన్ నది పక్కనున్న బేల్ బోరూ అనే పాత కోటకి తీసుకెళ్లారు. కోటంటే గోడలుంటాయనుకున్నా. గుండ్రటి మట్టికట్ట, దాని మీద పెద్ద పెద్ద చెట్లు, అంతే. ఆయన చేతికర్రతో తడిమట్టిలో మూడు గీతలు గీశారు: బ్రయన్, కొడుకు టైగ్, మనవడు టర్లో. మూడో గీత ముందు మాత్రం ఇంగ్లీషు 'O' లాగా సున్నా చుట్టి, "మా పేరు ఇక్కడ పుట్టింది" అన్నారు. 'ఓ' అంటే మనవడు, వారసుడు అని. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరూ ఓబ్రయన్ కానే కాదు! ఆ పేరు మనవడి కాలంలో నిలబడింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడి గిఫ్టు షాపులను చూస్తే. మూడు సింహాల కీచెయిన్ చేతిలో పెట్టి "మీ వంశచిహ్నం" అని అమ్ముతారు. అలాంటి చిహ్నం ఫలానా మనిషికీ, అతని వారసులకీ చెందుతుంది. ఆ ఇంటిపేరున్న ప్రతివాళ్లకీ కాదు. అమెరికా నుంచి అంత ఆశగా వచ్చినవాళ్లకు అబద్ధం అంటగట్టడం అన్యాయం.

అసలు రాజరికంలో అంత గొప్పేముంది? 1543లో మురో ఓబ్రయన్ ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి లొంగి, రాజు హోదా వదులుకుని థోమండ్ ఎర్ల్ అనే ఇంగ్లీషు ప్రభువుల బిరుదు పుచ్చుకున్నాడు. ఆ వంశంలోనే 1803లో డ్రోమోలాండ్ కోటలో పుట్టిన విలియం స్మిత్ ఓబ్రయన్, కరువులో జనం చచ్చిపోతుంటే చూడలేక 1848లో బాలింగారీ అనే ఊరి దగ్గర ఇంగ్లీషు పాలన మీద తిరగబడ్డాడు. మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని మార్చి టాస్మేనియాకు పంపేశారు. మీ కోడలు గర్వపడాలంటే ఈయన్ని చూసి గర్వపడమనండి.

వాళ్ల పూర్వీకులను వెతకాలనుంటే 1901, 1911 జనాభా లెక్కలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. 'బ్రయన్' అని కూడా వెతకండి. ఇంగ్లీషువాళ్ల పాలనలో ఎన్నో కుటుంబాలు 'ఓ' వదిలేశాయి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గానీ మళ్లీ పెట్టుకోలేదు. పాత చర్చి రిజిస్టర్లలోనైతే ఒకే కుటుంబం రెండు రకాలుగానూ కనిపించొచ్చు.