కాన్పు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఉంటాం. మా అక్కకూ, తోడికోడలికీ నొప్పులు మొదలైన కొద్ది గంటలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మా నానమ్మ మాత్రం ఆరుగురినీ ఇంట్లోనే కన్నది. నా పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి, అనుభవమున్న ఒక పెద్దావిడను తోడు పెట్టుకుని ఇంట్లోనే సహజంగా కనాలనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు కాగా, తెలంగాణలో అవి 60.7 శాతం, ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏకంగా 81.5 శాతం. ఇంత తేడాకు కారణం తల్లుల ఆరోగ్యం కాదు. నొప్పులు వాటంతటవి ముదిరేదాకా వేచి ఉండే ఓపిక, తీరిక చాలా ఆసుపత్రుల్లో లేవు. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ కోరే కుటుంబాలకూ ఇందులో వాటా ఉంది.

అయినా ఇంట్లో కనమని నేను చెప్పను. బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకుని, తెరుచుకున్న రక్తనాళాలను నొక్కివేయాలి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది కాబట్టి, అది ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోతే ఎంతో ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా చూస్తుండగానే చేజారిపోవచ్చు. ఇలా ఎవరికి జరుగుతుందో ముందుగా ఏ పరీక్షా చెప్పలేదు. అందుకే ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు ఇస్తారు, అప్పటికీ ఆగకపోతే వేరే మందులు, రక్తం, ఆపరేషన్ గది సిద్ధంగా ఉంటాయి. మీ ఇంట్లో 108కు ఫోన్ చేసి ఎదురుచూడడం తప్ప ఆ పెద్దావిడ చేయగలిగింది చాలా తక్కువ. 2018 జులైలో తమిళనాడులోని తిరుప్పూరులో వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పుకు సిద్ధపడిన ఒక ఉపాధ్యాయురాలు ఇలాగే రక్తస్రావంతో చనిపోయింది. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకైతే మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి అందించాలి. మీ నానమ్మనే అడిగి చూడండి, తమ ఊళ్లో పురిటిలో పోయిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే ఇంటి పేర్లతో సహా చెబుతారు.

అయితే, ఆసుపత్రికి వెళ్లడమంటే వాళ్లు చెప్పిన ప్రతిదానికీ తల ఊపడం కాదు. కాన్పు ఎక్కడ కావాలో ఇప్పుడే, ఈ ఏడో నెలలోనే, రెండు మూడు చోట్లకు వెళ్లి మాట్లాడి నిర్ణయించుకోండి. వాటంతటవే నొప్పులు వచ్చిన తొలి కాన్పుల్లో ఎన్ని ఆపరేషన్‌తో ముగుస్తున్నాయో, నొప్పుల సమయంలో మీ మనిషిని పక్కన ఉండనిస్తారో లేదో, నడవనిస్తారో లేక వెల్లకిలా పడుకోబెట్టి ఉంచుతారో అడగండి. ప్రసవ గదిలో తోడు ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమం చెబుతోంది. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే నొప్పులు ఊపందుకున్నట్టు లెక్కనీ, అంతకుముందు తొందరపెట్టి నొప్పులు పెంచకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. మామూలు కాన్పులో బిడ్డ బయటికి వచ్చే దారిని ప్రతి ఒక్కరికీ కోసి కుట్లు వేయనక్కరలేదు. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయమనీ, బిడ్డను వెంటనే మీ గుండెల మీద పడుకోబెట్టమనీ ముందే చెప్పి ఉంచండి. ప్రభుత్వ ఆసుపత్రులను పక్కన పెట్టకండి. తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫ్ (మామూలు కాన్పులు చేసే నిపుణురాలు) శిక్షణ 2017లో మొదలైంది. అలా శిక్షణ పొందినవారు మీకు అందుబాటులో ఉన్న ఆసుపత్రిలో ఉన్నారేమో కనుక్కోండి.

మీరు కోరుకుంటున్న ఇంటి వాతావరణం కూడా కొంత దక్కుతుంది. తొలి కాన్పులో మొదటి నొప్పులు చాలా గంటలు సాగుతాయి కాబట్టి, ఆ సమయమంతా ఇంట్లోనే తిరుగుతూ, తింటూ, వేడినీళ్లు పోసుకుంటూ గడపవచ్చు. అయిదేసి నిమిషాలకు ఒక నొప్పి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం సేపు ఉంటూ గంటపాటు అలాగే వస్తుంటే బయలుదేరండి. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే కదలాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఏ లెక్కలూ చూడకుండా వెళ్లిపోవాలి.

ప్రశ్న: మాది గుడివాడ. మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. మొదటిది మామూలు కాన్పే. ఇప్పుడు రెండో కాన్పు ఇంట్లోనే చేయవచ్చని అక్కడి మిడ్‌వైఫ్ అంటోందట. వద్దని చెప్పమంటారా?

జవాబు: పైన చెప్పిన సలహా మీ అమ్మాయికి వర్తించదమ్మా. అక్కడ ఇంటికి వచ్చే మిడ్‌వైఫ్ ఏళ్ల తరబడి చదివి ప్రభుత్వ నమోదు పొందిన మనిషి. రక్తస్రావం ఆపే మందులూ, బిడ్డకు గాలి అందించే పరికరాలూ ఆమె వెంట ఉంటాయి, అవసరమైతే చేర్చుకునే ఆసుపత్రీ ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రమాద సూచనలేవీ లేని సుమారు 64 వేల కాన్పులను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, రెండో కాన్పు నుంచి ఇంట్లో కాన్పయినా, ఆసుపత్రిలో అయినా బిడ్డకు ముప్పులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తొలి కాన్పుల్లో మాత్రం బిడ్డ మరణించడమో తీవ్రంగా దెబ్బతినడమో ఆసుపత్రిలో వెయ్యికి 5.3 ఉంటే, ఇంట్లో 9.3 ఉంది. ఇంట్లో మొదలుపెట్టిన తొలి కాన్పుల్లో నూటికి 45 మందిని మధ్యలోనో, కాన్పయ్యాకో ఆసుపత్రికి తరలించారు. రెండో కాన్పు నుంచి అది నూటికి 12 మాత్రమే.

కాబట్టి నిర్ణయం మీ అమ్మాయికే వదలండి. మొదటి కాన్పులో రక్తం ఎక్కువగా పోయి ఉన్నా, ఇప్పుడు బీపీ పెరిగినా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా మిడ్‌వైఫే ఆసుపత్రికి వెళ్లమంటుంది, అప్పుడు వాదించవద్దని చెప్పండి. వీలైతే నెలలు నిండేలోపే మీరు అక్కడికి వెళ్లండి. అర్ధరాత్రి ఆసుపత్రికి మార్చవలసి వస్తే పెద్ద బిడ్డ దగ్గర ఇంట్లో ఒక మనిషి ఉండాలి, మీరుంటే అల్లుడు భార్య వెంటే వెళ్లగలుగుతాడు.