స్క్రూ పైల్ దిగుతుంటే చుట్లు లెక్కపెట్టు

చి. రవికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

టొరంటోలో రైలు పట్టాల పక్క సౌండ్ వాల్‌కి, అదే రైళ్ల చప్పుడు ఆపే గోడకి, స్క్రూ పైల్స్ (ఉక్కు షాఫ్టుకి మరలాంటి ప్లేటుండి, మట్టిలోకి తిప్పి దించే పునాది స్తంభాలు) వేయించే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. చూపులేని ఐర్లండ్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. తవ్విపోసే మట్టి ఉండదు, కాంక్రీటు గట్టిపడేదాకా కాచుకోనక్కర్లేదు. రాత్రి రైళ్లు ఆపి లైన్ బ్లాక్ ఇచ్చే ఆ కొద్ది గంటల్లో ఇంతకంటే అక్కరకొచ్చేది లేదు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుంచుకో. ఆ గోడ పడితే గాలికే పడుతుంది. 3 మీటర్ల గోడని 5 మీటర్లకి పెంచితే, అదే గాలికి గోడ అడుగున పడే వంపు బలం దాదాపు మూడింతలవుతుంది. తిప్పే బలాన్ని కొలిచే టార్క్ మీటరు, పైల్ ఎంత బరువు మోస్తుందో చెబుతుందే గాని, పక్కకి తోస్తే ఎంత కదులుతుందో చెప్పదు. దాన్ని తేల్చేది షాఫ్టు లావూ, పై రెండు మీటర్ల మట్టీ. రైలు కట్ట మీద ఆ మట్టి చాలాచోట్ల ఎప్పుడో తెచ్చి పోసిందే. అందుకని ఒకటి రెండు పైల్స్‌ని పక్కకి లాగి చూసే పరీక్ష చేయించు. ఖర్చని ఎవరన్నా గొణిగినా తగ్గకు.

షాఫ్టు మీద అడుగుకో సుద్దగీత గీయించు. ప్లేటు మర చుట్టుకి మూడంగుళాలు దిగేదైతే, నాలుగు చుట్లకి ఒక గీత మట్టిలోకి పోవాలి. ఏడెనిమిది చుట్లు తిరిగినా గీత పైనే ఉందంటే, కింద రాయి తగిలి ప్లేటు ఉన్నచోటే మట్టిని చిలుకుతోందన్నమాట. నా మొదటి చలికాలంలో ఇదే జరిగింది. మీటరు ముల్లు పైకి లేచేసరికి గట్టి నేల దొరికిందనుకుని సంతకం పెట్టేశాను. వసంతం వచ్చేసరికి ఆ స్తంభం చేత్తో తోస్తే ఊగింది. పీకి, పక్కన ఇంకోటి వేయించాం. ఆ రాత్రి నిద్రపట్టలేదురా.

అక్కడ నేల 1.2 మీటర్ల లోతుదాకా గడ్డకడుతుంది. ప్లేట్లు దానికి బాగా కిందికి దిగాలి, లేకపోతే మంచు పైల్‌ని పైకి లాగేస్తుంది.

పట్టాల వెంట సిగ్నల్ కేబుళ్లుంటాయి. అవి ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించాక కూడా మొదటి గజం చేత్తోనే తవ్వించు. తిరిగే షాఫ్టు దగ్గరికి ఎవర్నీ పోనివ్వకు.

మొదటి రాత్రి పని అయ్యాక టార్క్ షీటు ఫొటో పంపు. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెదనాన్న