సొంత ఫాంటసీ లోకానికి ఏ రూల్స్ తీసుకోవాలి?

మ్యాపు, దేవుళ్లు, రాజవంశాలు అన్నీ సిద్ధం చేసుకున్నాం, ఇక ఆ లోకంలో రోల్‌ప్లేయింగ్ ఆట (తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడటానికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఐదో ఎడిషన్ రూల్స్ తీసుకోవాలా, గర్ప్స్ అనే ఇంకో ఆట రూల్స్ తీసుకోవాలా, రూల్స్ కూడా మేమే రాసుకోవాలా అని అడిగారు. ముందు ఒక్కటి చెప్పండి, మీ లోకంలో జనం దేనికోసం కొట్టుకుంటారు? దాన్ని చవక చేసే రూల్స్ ఎంత గొప్పవైనా మీకు పనికిరావు.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. ఎండాకాలం ట్యాంకరు హారన్ వినపడితే బిందెలు పట్టుకుని పరిగెత్తిన వాళ్లం, అందుకే నేను రాసుకున్న కథంతా నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఎండిపోయిన ఏరు, దాని పొడవునా ఏడు బావులు, ఒక్కో బావికి ఒక్కో కోట. కోటలకి మోడల్ మా ఉదయగిరి కొండే, కృష్ణదేవరాయలంతటి వాడికి కూడా 1514లో అది చిక్కడానికి ఏడాదికి పైగా ముట్టడి పట్టింది. ఐదో ఎడిషన్‌తో మొదలుపెట్టాం, మా వాళ్లకి తెలిసింది అదొక్కటే, పైగా దాని మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి.

మూడో ఆటలోనే దెబ్బ పడింది. ఒక కుండ నీళ్లకి గుర్రం ఇచ్చేయాలా వద్దా అని బావి కాపలావాడితో రెండు గంటలు బేరం నడిచింది. పూజారి పాత్ర ఆడుతున్న మా బామ్మర్ది తన కాగితం మీద వేలు పెట్టి, "ఏంది బావా ఇదంతా, నా దగ్గర నీళ్లు పుట్టించే మంత్రం ఉంది గదా" అన్నాడు. చూస్తే నిజమే, మొదటి లెవెల్ మంత్రం, ఒకసారి వేస్తే పది గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. నా ఏడు కోటలకీ ఆ నిమిషంలోనే పని లేకుండా పోయింది. ఆ మంత్రం తీసేశాను. ఒక్క పండు తింటే రోజంతా తిండి అక్కర్లేని మంత్రం ఇంకొకటి బయటపడింది, అదీ తీసేశాను. కానీ ఎనిమిది గంటలు పడుకుని లేస్తే పోయిన హిట్ పాయింట్లన్నీ (పాత్ర ఎన్ని దెబ్బలు తట్టుకోగలదో చెప్పే అంకె) తిరిగొచ్చే రూల్‌ని ఎలా తీసేది, మిగతా లెక్కంతా దాని మీదే కట్టారు. ఆటలో తప్పు లేదు, వీరుల సాహసాలకి అది చాలా బాగుంటుంది, మా కథే వేరు.

గర్ప్స్ లైట్ 32 పేజీలు, ఉచితం, మామూలు ఆరు ముఖాల పాచికలు మూడుంటే చాలు. కానీ మాకు పాత్రలు తయారు చేసుకోడానికే ఒక ఆదివారం అంతా పట్టింది. చివరికి సావేజ్ వరల్డ్స్ అనే మూడో ఆట రూల్స్ దగ్గర ఆగాం. అందులో దాహంతో ఒక మెట్టు అలసిపోతే ఏదైనా పని చేయడానికి పాచిక వేసే ప్రతి రోల్‌లో 1 తగ్గుతుంది, రెండో మెట్టుకి 2, ఆ తర్వాత మనిషి కూలబడిపోతాడు. గాయం దానంతట అది మానాలంటే ఐదు రోజులకొకసారి రోల్ వేయాలి. నాలుగు నుంచి పన్నెండు ముఖాల దాకా రకరకాల డైస్ కావాలి, నెల్లూరులో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

రూల్స్ సొంతంగా రాయడం ఇప్పుడే పెట్టుకోవద్దు, ఆట మొదలవకుండానే నెలలు గడిచిపోతాయి. మీ లోకంలో బాగా ఇబ్బంది పెట్టే ఒక్క సీన్ రాసుకుని, అదే సీన్‌ని రెండు సిస్టమ్‌లలో ఆడి చూడండి. మేం ఆడింది ఒక బావి నుంచి ఇంకో బావికి మూడు రోజుల నడక. ఐదో ఎడిషన్‌లో అది పది నిమిషాల్లో అయిపోయింది. సావేజ్ వరల్డ్స్‌లో రెండో రోజు సాయంత్రానికే, మిగిలిన అర కుండ ఎవరి చేతిలో ఉండాలని మా వాళ్లు నిజంగానే గొంతులు పెంచుకున్నారు, నేను ఆ రాత్రే ఖాయం చేసుకున్నాను.