పాత బోటు కరెంటు తిప్పలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పాత డీజిల్ బోటు. మైలవరం జలాశయంలో తిప్పుతాం. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదు. సెల్ఫ్ మోటారు పోయిందని మెకానిక్ అంటున్నాడు. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: ఇప్పుడే వద్దు. టక్‌మందంటే తాళం నుంచి సోలనాయిడ్ (బ్యాటరీ కరెంటును సెల్ఫ్ మోటారుకు కలిపే అయస్కాంతపు స్విచ్) దాకా కరెంటు వెళ్తున్నట్టే. ఆపైన మోటారును తిప్పేంత కరెంటు అందడం లేదు. తప్పు మోటారుదా, కరెంటు వచ్చే దారిదా అన్నది మల్టీమీటరు చెబుతుంది. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఇంజను అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ఇంకొకరి చేత తాళం తిప్పిస్తూ కొలవాలి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి తిప్పొద్దు. ఇంజనును చల్లబరిచిన నీళ్లు సైలెన్సర్లో కలిసి బయటికి పోయే రకమైతే, ముందు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు కట్టేయండి. ఇంజను స్టార్ట్ కాకుండా పదేపదే తిప్పితే సైలెన్సర్ నిండి నీళ్లు సిలిండర్లోకి ఎక్కుతాయి. పని అయ్యాక వాల్వు తెరవడం మరిచిపోతే పంపులోని రబ్బరు రెక్కలు మాడతాయి.

మొదట బ్యాటరీ సీసపు కొమ్ముల (టెర్మినళ్ల) మీదే మీటరు పుల్లలు ఆనించండి, క్లాంపుల మీద కాదు. తాళం తిప్పినప్పుడు 10 వోల్టులకు అటూ ఇటూగా నిలబడితే బ్యాటరీకి వంక పెట్టక్కర్లేదు. 7, 8కి జారితే బ్యాటరీ నీరసంగానైనా ఉండాలి, మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటైనా గుంజుతుండాలి. అసలు కదలకుండా 12.5 దగ్గరే ఉందంటే మోటారుకు కరెంటే పోవడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా ఫలితం లేదంటున్నారు కాబట్టి మీకు ఇదే కనబడవచ్చు.

తర్వాత ప్లస్ కొమ్ము నుంచి సెల్ఫ్ మోటారు లావు బోల్టుకు కొలవండి. తిప్పుతున్నప్పుడు అర వోల్టు లోపు ఉండాలి. మైనస్ కొమ్ము నుంచి ఇంజను మీద రంగు లేని ఇనుముకు కొలిస్తే 0.3 లోపు ఉండాలి. ఎక్కడ ఎక్కువ చూపితే రోగం ఆ వైపు ఉంది. ప్లస్ వైపు ఎక్కువ వస్తే సోలనాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య కూడా చూడండి. తాళం తిప్పినా అక్కడ 12 వోల్టులు కనబడుతుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. సోలనాయిడ్ మార్చితే సరిపోతుంది. అన్నీ సరిగ్గా ఉండి మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు విప్పించండి. అప్పుడైనా ముందు చూడాల్సింది కార్బన్ బ్రష్‌లు.

పాత బోట్లలో ఎక్కువగా దొరికే దొంగ మాత్రం బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు వెళ్లే ఎర్త్ కేబులే. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుంటే, ఎర్త్ బోల్టు కింద ఓమ్‌లో వందో వంతు అడ్డున్నా ఒకటిన్నర వోల్టు అక్కడే ఆవిరి. మీటరును ఓమ్స్ మీద పెట్టి చూస్తే ఇంత చిన్న అడ్డు తెలియదు, కనెక్షన్ బాగానే ఉందంటుంది. అందుకే కరెంటు పారుతుండగా కొలవమనేది. బోల్టు విప్పి, లగ్గునూ (కేబుల్ చివర బిగించే లోహపు కొస) ఇనుమునూ తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వ్యాసిలిన్ రాయండి. లగ్గు దగ్గర తొడుగు కాస్త చీల్చి చూడండి. రాగి తీగలు నల్లబడినా, పచ్చటి చిలుము పట్టినా ఆ ముక్క కోసేయాలి. సముద్ర తీరం నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన బోట్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. ఉప్పు తొడుగు లోపలే ఉండి గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. మంచినీళ్లలో ఎన్నేళ్లు తిరిగినా అది కడిగితే పోయేది కాదు.

ప్రశ్న: బోటు అడుగున చేరే నీళ్లు తోడే పంపు కొత్తది వేశాం. నీళ్లు సన్నగా వస్తున్నాయి. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే మాత్రం జోరుగా తోడుతుంది. ఎందుకిలా?
– సంగమేశ్వరం రేవు నుంచి

జవాబు: సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. పంపు మంచిదే, దానికి వెళ్లే తీగే సన్నం. బ్యాటరీ నుంచి పంపు 6 మీటర్ల దూరం అనుకుందాం. పోనూ రానూ 12 మీటర్ల తీగ. 1 చదరపు మి.మీ. రాగి తీగ వేస్తే అడ్డు దాదాపు 0.2 ఓమ్. పంపు 5 ఆంపియర్లు లాగితే ఒక వోల్టు దారిలోనే పోతుంది. 2.5 తీగతో 0.4 వోల్టు, 4 తీగతో పావు వోల్టు పోతుంది. బోటును తేల్చి ఉంచే పంపు దగ్గర పిసినారితనం పనికిరాదు, 4 వేయండి.

ఇంటి వైరింగుకు వాడే ఒంటి కమ్మీ తీగ వద్దు. ఇంజను అదురుకు లగ్గు మొదట్లోనే విరుగుతుంది. సన్న పోగుల తీగ తీసుకోండి, తగరం పూత ఉన్నది దొరికితే మరీ మంచిది. మెలేసి టేపు చుట్టిన జాయింట్లు కనిపిస్తే కత్తిరించేయండి. లగ్గు గట్టిగా నొక్కి, వేడిచేస్తే లోపల జిగురు కరిగి పట్టుకునే ష్రింక్ గొట్టం తొడగాలి. సోల్డరింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సోల్డర్ ఆగిన చోట తీగ కర్రలా బిరుసెక్కి అక్కడే తెగుతుంది.

ఫ్యూజు సైజు పంపు మీదే రాసి ఉంటుంది. ఫ్యూజును బ్యాటరీకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. పంపు దగ్గర పెడితే దారిలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు అది ఎందుకూ పనికిరాదు. ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అదే తీగను మంటకు అప్పజెప్పేది.

ప్రశ్న: లైట్లు వేయగానే ఇంజను టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. ఇంజను నిజంగా వేడెక్కుతోందా?
– ఒక పాఠకుడు, అవుకు

జవాబు: కాదు. మీటర్లకూ లైట్లకూ కలిపి ఉన్న ఎర్త్ వదులైంది. మీటరు బోర్డు వెనక నల్ల తీగలన్నీ కలిసే బోల్టు శుభ్రం చేసి బిగించండి.

ప్రశ్న: రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి డౌన్. స్విచ్‌లన్నీ ఆపే ఉంచుతాం.
– ఒక పాఠకుడు, గండికోట

జవాబు: మైనస్ కేబుల్ విప్పి, కొమ్ముకూ కేబుల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టండి. ఎర్ర పుల్లను మీటరు మీద 10ఎ అని రాసిన రంధ్రంలోకి మార్చాలి. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు మాడుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు దాటి పోతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతే ఆ లైనులో కారుతోంది. ఏ ఫ్యూజు తీసినా పడకపోతే ఫ్యూజు లేకుండా నేరుగా తగిలించిన తీగల్ని చూడండి. డైనమో లావు తీగ, పంపు తేలే స్విచ్ (నీళ్లు పెరిగితే తేలి పంపును తానే ఆన్ చేసేది) సాధారణంగా అలాంటివే. డైనమో తీగ విప్పగానే కరెంటు ఆగితే లోపల డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పోయింది. పంపు స్విచ్ తీగల జాయింటు అడుగున నీళ్లలో నానుతుంటే జాయింటును గోడ మీదికి ఎక్కించండి. అయితే రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవ్వాలంటే కొన్ని ఆంపియర్లు పోవాలి. ఒక్క ఆంపియరైతే పన్నెండు గంటలకు 12 ఆంపియర్ అవర్సే. కారడం అంత లేకపోతే బ్యాటరీలో ఒక సెల్ చచ్చిందేమో హైడ్రోమీటరుతో (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) చూడాలి. మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపే సెల్ ఉంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టే.

ప్రశ్న: పెట్రోల్ ఇంజను బోటుకు డైనమో చార్జ్ చేయడం లేదు. కారు డైనమో సరిగ్గా కూర్చుంటుంది, వేయొచ్చా?
– ఒక పాఠకుడు, కూడేరు

జవాబు: వేయొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున మడుగు కట్టి నిలుస్తుంది. బోటుకని చేసిన డైనమోలో నిప్పురవ్వ బయటికి రాకుండా జాలీ ఉంటుంది, కారుదాంట్లో ఉండదు. సెల్ఫ్ మోటారుకూ ఇదే మాట. స్టార్ట్ చేసే ముందు మూత తెరిచి, వాసన చూసి, ఫ్యాను నాలుగు నిమిషాలు తిప్పండి.

డైనమోను తీసేముందు రెండు చూడండి. ఒకటి బెల్టు. రెండోది బోర్డు మీది చార్జింగ్ లైటు. తాళం ఆన్ చేస్తే వెలగాలి. చాలా పాత డైనమోలకు మొదటి కరెంటు ఈ బల్బు గుండానే వెళ్తుంది కాబట్టి బల్బు మాడితే డైనమో లేవదు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 15 దాటితే వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయింది. ఇంజను ఆన్‌లో ఉండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ తీస్తే డయోడ్లు పేలతాయి, కొత్త డైనమో అయినా సరే.

ప్రశ్న: ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక బోటు గట్టున పెడతాం. బ్యాటరీని ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వెలుగోడు

జవాబు: విప్పి ఇంటికి తెచ్చి నీడలో పెట్టండి. చార్జింగ్ తీసి కొన్ని గంటలు ఆగాక కొలిస్తే 12.6 వోల్టులు నిండు, 12.2 సగం. సగం చార్జితో మే ఎండకు వదిలేస్తే పలకలకు తెల్లటి గార పట్టి మళ్లీ చార్జింగ్ ఎక్కదు. నెలకోసారి నిండా ఎక్కించండి. పలకలు మునిగి ఉన్నాయో లేదో ముందు చూసుకుని, చార్జ్ అయ్యాకే పలకల పైన సుమారు ఒక సెంటీమీటరు దాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. మన వైపు బోరు నీళ్లు చుక్క కూడా వద్దు, అందులోని లవణాలు బ్యాటరీని తినేస్తాయి. బోటు మళ్లీ నీళ్లలోకి దింపే ముందు పంపు తేలే స్విచ్‌ను చేత్తో ఎత్తి చూడండి. పంపు మోగాలి.